రాత్రీపగలూ నడిచే కంప్యూటర్: మీటర్ ఎంత తిరుగుతుంది?

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో 650 వాట్ల పవర్ సప్లై ఉంది. 24 గంటలూ ఆన్‌లో ఉంచితే నెలకు 468 యూనిట్లని లెక్క తేలింది. నిజంగా అంత కాలుతుందా?

జవాబు: కాలదు. 650 అన్నది ఆ పవర్ సప్లై ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎప్పుడు ఎంత లాగాలో నిర్ణయించేది లోపలి భాగాలు. ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉన్న మామూలు డెస్క్‌టాప్ 40 నుంచి 80 వాట్లు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే 70 నుంచి 120 వాట్లు లాగుతుంది. ల్యాప్‌టాప్‌కి 5 నుంచి 15 చాలు, మినీ పీసీకీ దాదాపు అంతే.

ఒక్క అంకె గుర్తుంచుకోండి: ఆగకుండా లాగే ప్రతి వాట్‌కూ 30 రోజులకు 0.72 యూనిట్, ఏడాదికి 8.76 యూనిట్లు. 60 వాట్ల కంప్యూటర్ నెలకు 43 యూనిట్లు కాలుస్తుంది. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబుల పద్ధతి మీకుంటే, ఈ యూనిట్లను సగటు రేటుతో కాకుండా మీరు చేరిన చివరి స్లాబు రేటుతో గుణించాలి. ఇంటి వాడకం మీద అదనంగా చేరేవి ఇవే కదా.

ప్రశ్న: క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) 0.4 ఆంపియర్లు వచ్చింది. 230 వోల్టులతో గుణిస్తే 92. ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్ మాత్రం 65 అంటోంది. ఏది నమ్మాలి?

జవాబు: వాట్ మీటర్‌నే. 92 అనేది వోల్ట్-ఆంపియర్లు. లోడు తక్కువగా ఉన్నప్పుడు కంప్యూటర్ పవర్ సప్లైల పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వంతు) పడిపోతుంది, మీ కేసులో అది సుమారు 0.7. బిల్లు యూనిట్ల మీద, అంటే కిలోవాట్-అవర్ల మీద వస్తే లెక్కలోకి వచ్చేది 65 వాట్లే.

అయితే ఒక్క రీడింగ్‌తో ఆగకండి. అప్‌డేట్లు, వైరస్ స్కాన్లు ఏ అర్ధరాత్రో నడుస్తాయి. వాట్ మీటర్‌ని వారం రోజులు వదిలేసి, మొత్తం యూనిట్లను 1000తో గుణించి 168 గంటలతో భాగించండి, సగటు వాట్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్ చూపించే వాట్లు సాధారణంగా ప్రాసెసర్ చిప్‌వి మాత్రమే. బోర్డు, డిస్కులు, పవర్ సప్లైలో వృథా అయ్యేది అందులో ఉండవు.

వాట్ మీటర్ లేనివాళ్ళకు ఇంటి మీటరే ఉంది. మిగతా స్విచ్‌లన్నీ కట్టేసి, మినుకుమినుకుమనే ఎర్ర లైటు చూడండి. యూనిట్‌కి 3200 పల్స్‌లని మీటర్ మీద రాసి ఉంటే, రెండు మెరుపుల మధ్య సెకన్లతో 1125ని భాగించండి, వాట్లు వస్తాయి. 18 సెకన్లు పడితే 62.5 వాట్లు. పది మెరుపులకు పట్టిన కాలాన్ని పదితో భాగించి సగటు తీసుకుంటే తప్పు తగ్గుతుంది. 3200 కాక వేరే అంకె ఉంటే, 36 లక్షలను దానితో భాగించి 1125 స్థానంలో వాడండి.

ప్రశ్న: ప్రాసెసర్ వాడకం 2 శాతమే చూపిస్తోంది, అయినా 95 వాట్లు కాలుతోంది. ఎక్కడికి పోతోంది?

జవాబు: ముందు గ్రాఫిక్స్ కార్డును అనుమానించండి. వేర్వేరు రిఫ్రెష్ రేట్ల మానిటర్లు రెండు తగిలిస్తే కొన్ని కార్డుల మెమరీ వేగం కిందికి దిగదు. రెండింటినీ 60 హెర్ట్జ్‌కి తెచ్చి మళ్ళీ కొలవండి. ఫైళ్ళు దాచుకోవడానికే వాడే మెషీన్ అయి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు పీకేయడమే మేలు.

తర్వాత డిస్కులు. తిరుగుతూ ఉండే 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఒక్కోటీ ఏ పనీ లేకపోయినా 4 నుంచి 7 వాట్లు తింటుంది. నాలుగుంటే 16 నుంచి 28 వాట్లు. వాటిని 20, 30 నిమిషాల తర్వాత ఆగేలా పెట్టండి. 5 నిమిషాలు పెడితే ఏదో ఒక ప్రోగ్రాం మాటిమాటికీ లేపి మోటారుని అరగదీస్తుంది.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మూల సెట్టింగ్స్) సీ-స్టేట్స్, అంటే పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోయే దశలు, ఆన్‌లో ఉన్నాయా, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో ఉండిపోయిందా అన్నవి రెండు నిమిషాల పని. అవీ సరిగ్గానే ఉంటే పాత నెట్‌వర్క్ కార్డో, డిస్కులు తగిలించే సాటా కార్డో తీసి చూడండి. పవర్ సేవింగ్ తెలియని ఒక్క కార్డు ప్రాసెసర్‌ని గాఢ నిద్రలోకి పోనివ్వదు. స్క్రీన్‌సేవర్ వల్ల మాత్రం పైసా మిగలదు.

ప్రశ్న: రోజుకు రెండు గంటలే పని. కానీ ఎప్పుడు కావాలో తెలియదని ఆపడం లేదు. దారి ఉందా?

జవాబు: స్లీప్‌లో పెట్టి, అవసరమైనప్పుడు వేక్-ఆన్-ల్యాన్‌తో (నెట్‌వర్క్ ద్వారా సంకేతం పంపి లేపే సదుపాయం) లేపండి. రోజుకు రెండు గంటలు 60 వాట్లు, మిగతా 22 గంటలు స్లీప్‌లో 3 వాట్లనుకుంటే నెలకు 5.6 యూనిట్లు, 43 కాదు. మెషీన్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలపండి. బయోస్‌లో వేక్-ఆన్-ల్యాన్ ఆన్ చేసి ఈఆర్‌పీ (ఆపినప్పుడు కరెంటును దాదాపు పూర్తిగా కట్ చేసే సెట్టింగ్) ఆఫ్ చేయండి, లేకపోతే నెట్‌వర్క్ పోర్టుకే కరెంటు అందదు. నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్‌లో మ్యాజిక్ ప్యాకెట్‌కి, అంటే ఆ లేపే సంకేతానికి మాత్రమే లేచేలా టిక్ పెట్టండి. అది మరిచిపోతే ఇంట్లో ప్రతి ఫోనూ దాన్ని లేపుతూనే ఉంటుంది. బయటి నుంచి లేపాలంటే ప్యాకెట్ రూటర్ దాటి లోపలికి రాదు, రూటర్‌లోని వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షిత దారి) ద్వారా వెళ్ళాలి.

ప్రశ్న: యూపీఎస్, ఏసీ కూడా లెక్కలో వేసుకోవాలా?

జవాబు: వేసుకోవాలి. మామూలు లైన్-ఇంటరాక్టివ్ యూపీఎస్ (కరెంటు ఉన్నప్పుడు దాన్నే నేరుగా పంపే రకం) తన కోసమే 5 నుంచి 15 వాట్లు ఉంచుకుంటుంది. కరెంటు ఉన్నా ఎప్పుడూ ఇన్వర్టర్ ద్వారానే నడిపే ఆన్‌లైన్ రకం ఇంకా చాలా ఎక్కువ. లాగిన ప్రతి వాటూ వేడిగా మారేదే కాబట్టి, ఏసీ నడిచే గదిలో దాన్ని బయటికి తోయడానికి సుమారు మూడో వంతు అదనం.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్ బదులు పాత ల్యాప్‌టాప్‌ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచవచ్చా?

జవాబు: నిక్షేపంగా. 60 వాట్ల స్థానంలో 10 అయితే ఏడాదికి 438 యూనిట్లు మిగులు. జాగ్రత్త అంతా బ్యాటరీతోనే: నిరంతరం 100 శాతం ఛార్జ్‌తో, వేడిలో ఉంటే అది ఉబ్బుతుంది. బయోస్‌లోనో తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాంలోనో ఛార్జ్ పరిమితిని 60 నుంచి 80 శాతానికి తగ్గించండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే వెంటనే ఆపి బ్యాటరీ తీయించండి.