తొడిమ ఒకటే, శాస్త్రంలో పేర్లు రెండు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదువుతోంది. మిరపకాయకు మనం తొడిమ అనేదానిలో వృంతం వేరు, రక్షకపత్రావళి వేరు అంటోంది. అదెలాగో, కారమంతా గింజల్లోనే ఉంటుందన్న మాట నిజమో కాదో వివరించగలరు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండి. పండుమిర్చి పచ్చడికి కాయలు ముచ్చికలు తీసేటప్పుడు ఒకదాన్ని పక్కన పెట్టి నిదానంగా చూడండి. కొమ్మ నుంచి కాయ దాకా వచ్చే సన్నని కాడ పుష్పవృంతం. పువ్వు కాయగా మారాక దాన్నే ఫలవృంతం అంటారు. ఆ కాడ చివర కాయ తలను పట్టుకొని ఉండే ఆకుపచ్చని చిన్న గిన్నె రక్షకపత్రావళి. మొగ్గగా ఉన్నప్పుడు పువ్వును కప్పి కాపాడిన రక్షకపత్రాలే అడుగున ఒకదానితో ఒకటి కలిసిపోయి ఇలా గిన్నెలా ఏర్పడతాయి. తెల్లని ఆకర్షణపత్రాలు రాలిపోయినా ఇవి మాత్రం కాయతోపాటే నిలిచి, కళ్లంలో ఎండబెట్టిన తరువాత కూడా దాన్ని వదలవు. మిరప కుటుంబానికే చెందిన వంగలోనూ, టమాటాలోనూ ఇదే కనిపిస్తుంది. మామిడిలో రక్షకపత్రాలు ముందే రాలిపోతాయి కనుక కాయకు మిగిలే తొడిమ వట్టి వృంతమే. జీడిమామిడిలో ఆ వృంతమే ఉబ్బి రసం నిండి, మనం పండనుకొని తినేది అవుతుంది. అసలు ఫలం దాని కింద వేలాడే జీడికాయ.

ఇక కారం సంగతి. కాయను నిలువుగా చీలిస్తే గింజలు అంటుకొని ఉన్న తెల్లని మెత్తని భాగం కనిపిస్తుంది. దాని పేరు అండన్యాస స్థానం. న్యాసం అంటే ఉంచడం. గింజలుగా మారబోయే అండాలు అమరి ఉండే చోటు అని అర్థం. ఈ మాటను బట్టీ పట్టించడం కన్నా ఇలా విడదీసి చెప్పడమే మేలని నా గట్టి నమ్మకం. కారానికి మూలమైన క్యాప్సైసిన్ ప్రధానంగా తయారయ్యేది ఇక్కడే. గింజలు దాన్ని ఆనుకొని ఉండటం వల్ల వాటికి కారం అంటుతుందే తప్ప వాటిలో పుట్టదు.

మీ అమ్మాయి రికార్డులో బొమ్మ వేసేటప్పుడు తొడిమ అంతటికీ ఒకే గీత గీసి వృంతమని రాయకుండా, కాడకు ఒక గీత, గిన్నెకు మరో గీత గీసి వేర్వేరుగా పేర్లు రాయమనండి.