మూలకణ మార్పిడి సమయంలో పిల్లలకు నోరు పూస్తే...

ప్రశ్న: మా పాపకు 7 ఏళ్లు. థలసీమియా వల్ల చిన్నప్పటి నుంచి రక్తం ఎక్కిస్తున్నాం. అన్నయ్య కణాలు సరిపోవడంతో వచ్చే నెల హైదరాబాద్‌లోనే మూలకణ మార్పిడి చేస్తామన్నారు. అప్పుడు నోరంతా పూసి కొన్నాళ్లు ఏమీ మింగలేకపోవచ్చని, అవసరమైతే నొప్పికి మార్ఫిన్ ఇస్తామని కూడా చెప్పారు. ఆ మందు అలవాటైపోతుందేమోనని భయంగా ఉంది. వేడి చేయడం వల్లే నోరు పూస్తుందని, జాజి ఆకులు నమిలించి తేనె రాస్తే తగ్గుతుందని మా అత్తగారు అంటున్నారు. ఐస్ ముక్కలు చప్పరిస్తే అసలు రాదని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: మనకు అప్పుడప్పుడూ వచ్చే నోటి పూతకూ, మీ పాపకు రాబోయేదానికీ కారణాలు వేరు. అన్నయ్య మూలకణాలు ఎక్కించే ముందు పాప ఎముక మజ్జను ఖాళీ చేయడానికి కొన్ని రోజులపాటు ఎక్కువ మోతాదులో కీమోథెరపీ ఇస్తారు. ఆ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకే కొత్తదవుతూ ఉంటుంది కనుక మజ్జతో పాటు అదీ పాడవుతుంది. సాధారణంగా కణాలు ఎక్కించిన తొలి వారంలో పూత కనిపించి, రెండో వారంలో ముదిరి, కొత్త మజ్జ నుంచి తెల్లరక్తకణాలు రావడం మొదలయ్యాక మానుతుంది. దాత కణాలు పాప శరీరంపై దాడి చేయకుండా మెథోట్రెక్సేట్ కూడా ఇచ్చే పక్షంలో పూత ఇంకాస్త ఎక్కువగానే ఉండవచ్చు. చలువ చేసే పదార్థాలతో దీన్ని ఆపలేం.

అత్తగారు చెప్పిన వైద్యం ఇంట్లో మామూలు పూతకు ఎలా ఉన్నా, మార్పిడి గదిలోకి మాత్రం రానివ్వకండి. తెల్లరక్తకణాలు దాదాపు లేని ఆ రోజుల్లో పచ్చి ఆకు మీద, తేనెలో ఉండే సూక్ష్మక్రిములు పుండ్ల గుండా నేరుగా రక్తంలోకి చేరగలవు. ఐస్ సంగతికొస్తే, అది మెల్ఫలాన్ అనే కీమోథెరపీ మందు ఇచ్చేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది. ఆ మందును కొద్ది నిమిషాల్లోనే ఎక్కిస్తారు కనుక, ఆ కాసేపు నోట్లో రక్తనాళాలు చల్లదనానికి ముడుచుకుంటే మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. థలసీమియాలో తరచుగా వాడే బుసల్ఫాన్ రోజుల తరబడి ఇచ్చే మందు. అన్ని రోజులు ఏ పిల్లా ఐస్ చప్పరించలేదు. తక్కువ శక్తి లేజర్‌తో నోటికి ఇచ్చే చికిత్స మీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి. పిల్లల్లో పూతను తగ్గించడానికి దాన్ని నిపుణుల మార్గదర్శకాలు కూడా సూచిస్తున్నాయి.

మీ చేతిలో ఉన్న ముఖ్యమైన పని ఈ వారంలోనే చేయాలి. ఏడేళ్ల వయసంటే పాలపళ్లు కదిలే కాలం. పుచ్చినవీ, ఊడబోయేవీ ఉంటే ముందే తీయాల్సి రావచ్చు. కీమోథెరపీ మొదలయ్యేలోగా ఆ గాయం మానాలి, దానికి కనీసం పది రోజులైనా వ్యవధి కావాలి. మార్పిడి వైద్యులకు చెప్పి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలోనైనా, మీకు దగ్గర్లోని దంత వైద్యుని దగ్గరైనా చూపించండి. ఆసుపత్రిలో చేరాక మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోమించడం, వార్డులో ఇచ్చే సెలైన్‌తో కొన్ని గంటలకోసారి పుక్కిలింపజేయడం మానకండి. పాప ఏడుస్తోందని జాలిపడి మానేస్తే ఆ పాచిలోనే ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. బ్రష్ తగలనివ్వనంత నొప్పిగా ఉంటే నర్సులు స్పాంజి పుల్ల ఇస్తారు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. నొప్పికని ఇంటి నుంచి తెచ్చిన ఐబుప్రొఫెన్ అసలే వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు దానివల్ల రక్తస్రావం కావచ్చు.

ఇక మార్ఫిన్. మందు గురించి కంటే దాని మీద మన ఇళ్లలో ఉన్న భయం గురించే నాకు ఎక్కువ దిగులు. తల్లిదండ్రులు వద్దన్నారని పిల్లలు ఉమ్మి కూడా మింగలేక అవస్థ పడడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. తీవ్రమైన నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో కొద్ది రోజులు ఇచ్చి, పుండు మానుతున్న కొద్దీ మోతాదు తగ్గిస్తూ ఆపేసే మందు వ్యసనంగా మారడం చాలా అరుదు. దురద, మలబద్ధకం, మగత రావచ్చు, వాటికీ మందులున్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల నొప్పికి చాలా ఏళ్లుగా మార్ఫిన్ వాడుతున్నారు. వైద్య అవసరాలకు ఇలాంటి మందులు అందడం సులభం కావాలనే పార్లమెంటు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది కూడా. మీ పాప వయసు పిల్లలు బటన్ నొక్కి మందు తీసుకునే పంపును నేర్చుకోగలరు. ఆ బటన్ పాపే నొక్కాలి, నిద్రలో ఉందని మీరు నొక్కకూడదు. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపించి నొప్పి ఎంతో చెప్పించడం ఇప్పుడే ఇంట్లో ఆటలా అలవాటు చేయండి. తినలేని రోజుల్లో ముక్కు గొట్టం ద్వారానో, నరం ద్వారానో పోషకాహారం ఇస్తారు, బలవంతంగా తినిపించనక్కర్లేదు.

ప్రశ్న: రక్త క్యాన్సర్‌కు 5 నెలల క్రితం మార్పిడి జరిగిన మా బాబుకు చారన్నం తిన్నా నోరు మండుతోంది. బుగ్గల లోపల తెల్లని గీతలు కనిపిస్తున్నాయి. మందుల షాపులో జెల్ ఇచ్చారు. వాడవచ్చా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: జెల్ పక్కన పెట్టి, ఈ వారమే మార్పిడి చేసిన వైద్యులకు చూపించండి. ఇన్ని నెలల తర్వాత కీమోథెరపీ వల్ల నోరు పూయదు. దాత కణాలు నోటి పొరపై దాడి చేయడం వల్ల వచ్చే జీవీహెచ్‌డీ కావచ్చు, ఫంగస్ కావచ్చు. మొదటిదానికి స్టెరాయిడ్ పుక్కిలింత, రెండోదానికి వేరే మందు. ఈలోగా కారం, పచ్చళ్లు మానిపించండి గానీ, వైద్యులు రాసిన మాత్రలు ఒక్కటి కూడా మీ అంతట మీరు ఆపకండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.