కొలను గట్టున కాళ్లు కాలుతున్నాయి, కేసు ఎవరి మీద?

ప్రశ్న: విజయనగరం జిల్లా భోగాపురం మండలంలో సముద్రానికి దగ్గరగా మాకు తోట, అందులో చిన్న ఇల్లు ఉన్నాయి. నిరుడు జనవరిలో ఈత కొలను కట్టించి, చుట్టూ 1,400 చదరపు అడుగుల మేర రాతి పేవర్లు పరిపించాం. రాయి విజయనగరంలోని ఒక దుకాణంలో చదరపు అడుగు 160 రూపాయల చొప్పున కొన్నాం. పరిచిన మేస్త్రీ వేరు, అడుగుకు 70 రూపాయలు. ‘వట్టి కాళ్లతో నడిచే చోటు, వేడెక్కని రాయి కావాలి’ అని వాట్సాప్‌లో అడిగితే, ‘ఎంత ఎండకైనా చల్లగానే ఉంటుంది’ అని దుకాణదారు వాయిస్ మెసేజ్ పంపారు. చూపించిన నమూనా లేత రంగు, గరుకు రాయి. వచ్చిన సరుకులో సగానికి పైగా ముదురు బూడిద రంగు, నునుపు. పని ఆగిపోతుందని అప్పుడు ఊరుకున్నాం. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం అక్కడ కాలు పెట్టలేకపోయాం. అక్టోబరు వానలకు ఒక మూల కుంగింది, వాన నీరు కొలనులోకే వస్తోంది. సెలవు రోజుల్లో ఆ ఇంటిని తెలిసిన కుటుంబాలకు అప్పుడప్పుడు అద్దెకిస్తాం. డిసెంబరులో అలా వచ్చిన ఒకావిడ గట్టు మీద జారిపడి మణికట్టు విరిగింది. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఇప్పుడు మూడు లక్షలు కోరుతూ లాయరు నోటీసు వచ్చింది. దుకాణదారు తప్పు మేస్త్రీదంటారు, మేస్త్రీ రాయిదంటాడు. వేసవి ముదరకముందే అంతా పీకించి కొత్తది వేయిద్దామనుకుంటున్నాం. మేస్త్రీకి ఇవ్వాల్సిన 20,000 రూపాయలు ఆపాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ గునపాన్ని పక్కన పెట్టించండి. మీ సాక్ష్యం కాగితాల్లో కన్నా ఆ నేలలోనే ఎక్కువ ఉంది. పీకిన రాళ్లు కుప్పగా పడ్డాక, నేల కుంగిందని గానీ, వాటం కొలను వైపు ఉందని గానీ ఎవరికీ చూపించలేరు. ఎదుటివారి లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘ఇప్పుడు ఆ గచ్చు ఎక్కడుంది?’ అన్నదే అవుతుంది.

పీకడం తప్పదనుకుంటే దానికో వరస ఉంది. దుకాణదారుకూ మేస్త్రీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఫలానా తేదీన ఇంజినీరు వచ్చి చూస్తారు, మీరూ రావచ్చు అని అందులో రాయండి. ఇంజినీరు మీ బావమరిది కాకుండా బయటివారైతే మంచిది. ఆ రోజు రసమట్టం పెట్టి వాటం కొలిపించండి. బకెట్టుతో నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో వీడియో తీయండి. మధ్యాహ్నం రెండు గంటల వేళ ముదురు రాయి మీదా, లేత రాయి మీదా, నీడలో ఉన్న రాయి మీదా థర్మామీటరు గన్నుతో కొలతలు తీయించండి. కుంగిన మూలలో నాలుగు రాళ్లు మాత్రం లేపి, కింద దిమ్మిస కొట్టిన కంకర ఉందా, ఒట్టి ఇసుకేనా చూడండి. అందరి అవస్థా అక్కడే బయటపడుతుంది. మిగిలిపోయిన రాళ్లూ, నమూనాగా ఇచ్చిన ముక్కా ఇంట్లో ఉంటే విడివిడిగా మూట కట్టి సాక్షుల సంతకాలతో భద్రపరచండి. ప్రయోగశాల పరీక్ష లేకుండా లోపం తేలని వస్తువుల నమూనాలను వినియోగదారుల కమిషనే పరీక్షకు పంపించగలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38లో ఆ ఏర్పాటు ఉంది. మిగతా గచ్చును కమిషన్ గానీ కోర్టు గానీ చూసే వరకు, కనీసం ఇంజినీరు నివేదిక చేతికొచ్చే వరకు కదపకండి. అంతవరకూ పట్టాలు పరిచి, మధ్యాహ్నం పూట కొలను మూసేయండి.

ఇక కేసు ఎవరి మీదన్నది. మీరు దీన్ని ఒకే ఫిర్యాదుగా రాశారు గానీ ఇందులో నాలుగున్నాయి. ఒకదాని బలం ఇంకొకదానికి రాదు.

వేడి సంగతి. ఎండలో రాయి వేడెక్కుతుంది, ముదురు రంగు రాయి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. మన తీరంలో వేసవి మధ్యాహ్నం ముదురు రాతి పైభాగం 60 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. అది రాయి గుణం. అందం చూసి మీరే నల్లరాయి ఎంచుకుని ఉంటే, పట్టా కొనుక్కోండని చెప్పి ఊరుకునేవాడిని. కానీ మీరు ఎంచుకోలేదు, అడిగారు. ఎక్కడ వాడతారో, ఎలా నడుస్తారో, ఏ గుణం కావాలో రాతపూర్వకంగా చెప్పి, అమ్మేవారి మాట మీద ఆధారపడ్డారు. వస్తు విక్రయ చట్టం 1930, సెక్షన్ 16 సరిగ్గా ఇలాంటి కొనుగోలుదారు కోసమే ఉంది. అవసరం చెప్పి, విక్రేత నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలన్నది ఒప్పందంలో దానంతట అదే వచ్చి చేరే షరతు. ‘అది వ్యాపారంలో మామూలుగా చెప్పే గొప్పలు’ అని దుకాణదారు తప్పుకోజూస్తారు. అడగకుండా చెప్పుకున్న గొప్ప వేరు, సూటి ప్రశ్నకు ఇచ్చిన సూటి జవాబు వేరు. సరుకుకు లేని గుణాన్ని ఉందని చెప్పి అమ్మడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కూడా.

నమూనా సంగతిలో మీరు కొంత దెబ్బతిన్నారు. నమూనా చూపి అమ్మితే మొత్తం సరుకు దానికి సరిపోవాలని సెక్షన్ 17 చెబుతుంది. తేడా కళ్లెదుట కనిపిస్తున్నా మీరు దించుకున్నారు, పరిపించారు, నెలల తరబడి ఊరుకున్నారు. సహేతుకమైన గడువులో వద్దని చెప్పకపోతే సరుకును అంగీకరించినట్టే లెక్క. అప్పుడు సరుకు తిప్పి పంపే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మిగులుతుంది. కాబట్టి నోటీసులో ‘రాయి తీసుకుపోయి డబ్బు మొత్తం ఇవ్వండి’ అన్న ఒక్క కోరికే పెట్టుకోకండి. లోపం సరిదిద్దమని, మార్చి ఇవ్వమని, ధర తిరిగి ఇవ్వమని, పరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం సెక్షన్ 39 కింద కమిషన్‌కు ఉంది. అవన్నీ ప్రత్యామ్నాయాలుగా అడగండి.

కుంగడం, వాటం రెండూ మేస్త్రీవే. ఇక్కడ మీ కేసు గట్టిది, ఎందుకంటే నీళ్లు అబద్ధం చెప్పవు. కొలను గట్టు వాటం కొలను నుంచి బయటికి ఉండాలి. పది అడుగుల వెడల్పుకు ఒకటింపావు నుంచి రెండున్నర అంగుళాల దాకా వాలు ఇవ్వడం మామూలు పని పద్ధతి. మీ గట్టున అది తలకిందులైంది. కోపింగ్ రాయికీ (కొలను అంచు మీద కూర్చోబెట్టే రాయి) గట్టు రాళ్లకూ మధ్య సాగే సీలెంట్‌తో నింపిన సందు ఉందో, సిమెంటు కూరి మూసేశారో కూడా ఇంజినీరుతో రాయించండి. ఎండకు రాళ్లు వ్యాకోచించినప్పుడు సిమెంటు సందు కోపింగ్‌ను నెట్టేస్తుంది. మేస్త్రీ ‘నేను రోజు కూలీని, చెప్పినట్టు చేశాను’ అనవచ్చు. యజమాని చెప్పినట్టు చేసే కూలి లాంటి వ్యక్తిగత సేవా ఒప్పందాలు 2019 చట్టంలోని ‘సేవ’ నిర్వచనంలోకి రావు. మీరు రోజు కూలి కాకుండా అడుగు లెక్కన గుత్తకు ఇచ్చారు గనుక ఆ వాదన నిలవడం కష్టం.

నాలుగోది జారడం. నునుపు రాయి దుకాణానిది, దాని మీద నిలిచే నీరు మేస్త్రీది. ఒకరి మీదే కేసు వేస్తే, కేసులో లేని మనిషి మీద తప్పు నెట్టేసి ఇతను బయటపడతాడు. ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో ఎదుటి పక్షాలుగా చేర్చండి.

ఎక్కడ వేయాలి? రాయికీ పనికీ కలిపి లెక్క 3,22,000, మేస్త్రీకి ఆపిన 20,000 పోతే మీరు చెల్లించింది 3,02,000. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల వరకు. అది మీరు చెల్లించిన ధరను బట్టే గానీ అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఐదు లక్షల లోపు చెల్లింపులకు ఫిర్యాదు రుసుము లేదు. మీరు నివసించే చోటే వేయవచ్చు కాబట్టి విజయనగరం జిల్లా కమిషన్ సరిపోతుంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా దాఖలు చేయవచ్చు. గడువు వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. ఆవిడ పడిన డిసెంబరు నుంచి లెక్కపెట్టుకోకండి. నమూనా తేడా సరుకు దించిన రోజే కనిపించింది గనుక, వచ్చే జనవరి దాటకుండా వేయడం క్షేమం.

ఒక చిక్కుంది. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. అద్దె సంగతి ఎదుటివారు తప్పకుండా ఎత్తుతారు. కొనుగోలుకు ప్రధాన ప్రయోజనం ఏమిటన్నదే చూడాలని లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. స్వయం ఉపాధితో పొట్టపోసుకునే చిన్నవారిని వ్యాపారుల కిందికి తోయకూడదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులోనే చెప్పింది. మీది ప్రధానంగా కుటుంబం వాడుకునే ఇల్లయితే, అద్దె అప్పుడప్పుడయితే నిలబడతారు. విమానాశ్రయం పుణ్యమా అని భోగాపురం చుట్టుపక్కల తోట ఇళ్లన్నీ రిసార్టులవుతున్న రోజులివి. మీరూ గేటుకు బోర్డు కట్టి, ఆన్‌లైన్ బుకింగులు పెట్టి ఉంటే నిజం నాకు ముందే చెప్పండి. అప్పుడు సివిల్ దావా మేలు. ఒప్పంద ఉల్లంఘనకు అక్కడ మూడేళ్ల గడువు ఉంది. స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కోరవచ్చు. కోర్టు ఫీజు మాత్రం కట్టాలి, సమయమూ ఎక్కువ పడుతుంది.

ఆ వాయిస్ మెసేజ్ ఉన్న ఫోను మార్చకండి, ఎక్స్ఛేంజీలో ఇవ్వకండి. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసిన నకలు అసలు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. కమిషన్లు సాక్ష్య నియమాల్లో కోర్టులంత పట్టుదలగా ఉండవు. అయినా జతచేసి పెట్టుకుంటే అప్పీలులో పనికొస్తుంది. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. బిల్లు లేదని చింతపడకండి, చెల్లింపు రుజువైతే చాలు.

ఇప్పుడు మీకు వచ్చిన నోటీసు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. ఇలాంటి నోటీసుకు చాలామంది లాయర్లు అలవాటుగా రాసే జవాబు ఒకటుంది: ‘మా గచ్చులో ఏ లోపమూ లేదు, ఆవిడే పరుగెత్తి పడ్డారు.’ అలా జవాబిచ్చి, మరుసటి నెల కమిషన్‌లో ‘గచ్చు నునుపు, నీళ్లు నిలుస్తాయి, జారి పడుతున్నారు’ అని ఫిర్యాదు వేస్తే, మీ మొదటి కాగితం మీ రెండో కాగితాన్ని చంపుతుంది. దుకాణదారు లాయరు మీ జవాబు నకలు తెచ్చి పెడితే చాలు, వేరే వాదన అక్కర్లేదు. రెండు చోట్లా ఒకే కథ ఉండాలి, అదీ జరిగిన కథ.

జవాబు మాత్రం ఇవ్వాల్సిందే, మౌనం మంచిది కాదు. ప్రమాదం జరిగిన మాట, వైద్యానికి మీరు ఖర్చు చేసిన మాట రాయండి. అడిగిన మొత్తానికి ఆధారం లేదనండి, వైద్య పత్రాలు, జీతం నష్టానికి రుజువులు పంపమనండి. గచ్చు పని చేసిన వారిపైనా, సరుకు అమ్మిన వారిపైనా చర్య తీసుకుంటున్నారని తెలపండి. లోపం లేదని రాయకండి, మొత్తం బాధ్యత మీదేనని కూడా రాయకండి. అద్దె పుచ్చుకుని లోపలికి పిలిచిన మనిషి పట్ల మీకు జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉంది. గోడ మీద ‘ప్రమాదాలకు మేము బాధ్యులం కాము’ అని రాసినా అది పోదు. అక్టోబరులోనే నీళ్లు అటు పారుతున్నాయని తెలిసి డిసెంబరులో అద్దెకివ్వడం మీకు వ్యతిరేకంగానే పోతుంది. ఆవిడ కమిషన్‌కు వెళితే, నోటీసు అందాక మీ జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15 రోజులు మాత్రమే ఉంటాయి. ఆవిడకు మీరు ఇచ్చుకున్నది ఎదుటివారి నుంచి రాబట్టవచ్చా అంటే, ఒప్పందాల చట్టం సెక్షన్ 73 సహజంగా కలిగే నష్టానికి పరిహారం ఇప్పిస్తుంది, దూరపు నష్టానికి ఇప్పించదు. కొలను పక్కన నునుపు రాయి వేస్తే ఎవరో ఒకరు జారడం సహజ ఫలితమే అని వాదించవచ్చు. తెలిసీ వాడనిచ్చారని కొంత కోత పడవచ్చు. రాజీకి అవకాశం ఉంటే మూడు లక్షల దగ్గర కాక, ఆస్పత్రి కాగితాల దగ్గర మాట్లాడుకోండి.

కొత్త గచ్చుకు ఈసారి ఒప్పందం రాసుకోండి, రెండు పేజీలు చాలు. రాయి రంగు, పైభాగం గరుకు, మందం రాయండి. నమూనా ముక్కకు ఇద్దరూ సంతకాలు పెట్టి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఆ ముక్కను మధ్యాహ్నం ఎండలో గంటసేపు ఉంచి, పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి వట్టి కాలు పెట్టి చూడండి. ఇది ఏ ప్రయోగశాలా చేయలేనంత మంచి పరీక్ష. లేత రంగు రాళ్లకే పోండి. సున్నపురాయి జాతి వేస్తే యాసిడ్‌తో కడగకూడదని మేస్త్రీతో పాటు మీ పనివాళ్లకూ చెప్పండి, పైభాగం తినేస్తుంది. కాంక్రీటు పేవర్లయితే ఐఎస్ 15658 ప్రమాణానికి సరిపోవాలని బిల్లు మీద రాయించుకోండి. వాటం ఎంతో, కంకర ఎంత మందమో అంకెల్లో ఉండాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ మన వైపు అక్టోబరులోనే వచ్చాయి. అందుకే పదో వంతు సొమ్ము ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాకే ఇస్తానని షరతు పెట్టండి.

మేస్త్రీకి ఆపిన 20,000 సంగతి. ఊరికే ఆపితే మీరే బాకీదారులుగా కనిపిస్తారు. పంపబోయే నోటీసులోనే, ఈ మొత్తం పని లోపాల కారణంగా ఆపామనీ, సరిదిద్దడానికయ్యే ఖర్చులో దీన్ని సర్దుబాటు చేసుకుంటామనీ రాయండి. ఫిర్యాదులో అడిగే మొత్తంలోంచి కూడా దాన్ని తీసేసి చూపించండి.