చిక్కుకుపోయిన విమానం ఎవరిది?

ప్రశ్న: యుద్ధం ముగిశాక పరాయి దేశంలో ఉండిపోయిన ఓడలు, విమానాల యాజమాన్యాన్ని ఏ ప్రాతిపదికన తేలుస్తారు? స్వాధీనంలో ఉంచుకున్నవారికే అవి దక్కుతాయా?

జవాబు: అలా దక్కవు, స్వాధీనం వేరు, హక్కు వేరు. శత్రుసైన్యపు యుద్ధవిమానం పట్టుకున్న రాజ్యానికే చెందుతుంది, పట్టుబడిన వాణిజ్య నౌకల సంగతి ప్రైజ్ కోర్టులు, అంటే యుద్ధంలో పట్టుకున్న నౌకల హక్కును తేల్చే ప్రత్యేక న్యాయస్థానాలు, చూస్తాయి. చిక్కంతా పౌర విమానాల దగ్గరే వస్తుంది.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించి, కువైట్ ఎయిర్‌వేస్ విమానాలు పదింటిని తరలించుకుపోయి, ఒక ప్రభుత్వ తీర్మానంతో వాటిని ఇరాకీ ఎయిర్‌వేస్‌కు కట్టబెట్టింది. వాటిలో నాలుగు మోసుల్‌లో బాంబుదాడులకు ధ్వంసమయ్యాయి. ఇరాన్‌కు చేర్చిన ఆరు 1992లో కువైట్‌కు తిరిగి వచ్చాయి. ఒక దేశం తన గడ్డపై తన చట్టం ప్రకారం చేసిన ఆస్తి బదిలీని మరో దేశపు న్యాయస్థానం సాధారణంగా ప్రశ్నించదు. అయినా అంతర్జాతీయ న్యాయాన్ని ఇంత బాహాటంగా ఉల్లంఘించిన తీర్మానాన్ని గుర్తించేది లేదని అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 2002లో తీర్పు చెప్పింది. బలవంతపు ఆక్రమణకు చట్టం ముసుగు వేసినా అది హక్కుగా మారదని చాటిన ఈ తీర్పు ఎంతో విలువైనదని నా గట్టి నమ్మకం.

అప్పట్లో బ్రిటిష్ వలసగా ఉన్న హాంకాంగ్‌లో తలెత్తిన మరో విమాన వివాదంలో తేదీయే నిర్ణాయకమైంది. చైనా అంతర్యుద్ధం చివర అక్కడ నిలిచిపోయిన 40 విమానాలను ఓడిపోతున్న జాతీయవాద ప్రభుత్వం 1949 డిసెంబరులో అమెరికన్లకు అమ్మింది. ఆనాటికి బ్రిటన్ గుర్తించిన ప్రభుత్వం అదే కనుక, 1950 జనవరిలో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని గుర్తించినంత మాత్రాన పాత అమ్మకం చెల్లకుండా పోదని, బ్రిటిష్ వలసల నుంచి వచ్చే అప్పీళ్లను వినే ప్రివీ కౌన్సిల్ 1952లో తేల్చింది.