బండాయన చిప్స్ కవర్లు ఎందుకు తీసుకోడు?

ప్రశ్న: మాది కావలి. మా వీధిలోకి పాత సామాన్ల బండి వస్తా ఉంటాది, నీళ్ల బాటిళ్లు తూకం వేసుకుని డబ్బులిస్తాడు, చిప్స్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు ఇస్తే మాత్రం పక్కకి నెట్టేస్తాడు. అన్నీ ప్లాస్టిక్కే కదండీ, త్రికోణం గుర్తు కూడా ఉండాది, మరి ఎందుకిట్టా?
– ఓ పాఠకురాలు

జవాబు: ఆయన లెక్క కరెక్టేనమ్మా. త్రికోణం ఉంటే రీసైకిల్ అయిపోద్దని చాలామంది అనుకుంటారు గానీ అది 1988లో అమెరికాలో పెట్టిన గుర్తు, లోపలి నంబర్ అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్తాదంతే. 1 అంటే నీళ్ల బాటిల్ పెట్, 5 అంటే పాలీప్రొపిలీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్, 7 అంటే మిగతావన్నీ కలిపి ఓ గంప.

ఇంట్లోనే చూడొచ్చు. బాటిల్‌లో చిన్న ముక్క కోసి, దాని మూతతో పాటు బకెట్ నీళ్లలో వెయ్యండి, ముక్క అడుక్కి పోద్ది, మూత పైన తేలతాది. ఒకే బాటిల్, రెండు రకాలు! ఫ్యాక్టరీల్లో కూడా ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో ఇట్టానే విడదీస్తారు, పొరపాటున పీవీసీ (పైపుల ప్లాస్టిక్) ముక్క కలిసిందా, పెట్ కరిగే వేడికి అది మాడిపోయి యాసిడ్ వదిలి సరుకంతా పాడు చేస్తాది.

ఇప్పుడు చిప్స్ కవర్ చించి చూడండి, లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత, అటూ ఇటూ ప్లాస్టిక్ పొరలు. గాలి, తేమ లోపలికి పోకుండా అట్టా అతికించారు కాబట్టే చిప్స్ కరకరలాడతాయి, ఆ పొరల్ని విడదీయాలంటే వచ్చే సరుకు కంటే అయ్యే ఖర్చే జాస్తి, అందుకే ఎవరూ కొనరు. ఏరి పక్కన పెడితే కొంత సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలకి పోద్ది.

అసలు ప్లాస్టిక్ కనిపెట్టినోళ్లు ఇదంతా ఆలోచించలా. 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త చేసిన బేకలైట్ (పాతిళ్లల్లో నల్ల స్విచ్చిలు గుర్తున్నాయా) ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, ఉడికిన గుడ్డు మళ్లీ సొన అవుద్దా! పాలిథీన్ 1933లో ఇంగ్లాండులో ఏదో చేయబోతే అనుకోకుండా వచ్చింది. 1935లో నైలాన్ వచ్చాక వలలు కూడా మారిపోయాయి, నూలు వలైతే వేట నుంచి రాగానే ఆరబెట్టకపోతే కుళ్లేది, నైలాన్‌కి ఆ బాధ లేదు, కుళ్లదు గాబట్టే మైపాడు బీచ్ ఇసకలో తెగిన వల ముక్క అట్టానే పడుంటాది. 2015 దాకా ప్రపంచంలో చెత్తయిన ప్లాస్టిక్‌లో రీసైకిలయింది సుమారు 9 శాతమేనంట. పెట్ బాటిల్ కూడా ఎక్కువ శాతం మళ్లీ బాటిల్ కాదు, దారమై చొక్కాల్లోకి, దిండ్లలోకి పోద్ది.

మీరు చిప్స్ కవర్లు తగలబెట్టకండి, పొడి చెత్తలో వేసేయండి. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగనీయకండి, ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ చిక్కదు. ప్యాకెట్ కడిగి ఆరబెట్టి పోగేసి ఇవ్వండి, బండాయన దాన్ని మాత్రం కాదనడు.