ఆదివారం సైకిలెక్కితే సాయంత్రానికి గానీ రారు

ప్రశ్న: మాది కల్వకుర్తి. మా ఆయనకు 47 ఏళ్లు. ఒక ఫైనాన్స్ ఆఫీసులో వసూళ్ల పని. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటారు. రెండేళ్ల కింద గేర్ల సైకిల్ కొన్నారు. మొదట్లో పొద్దున గంటసేపు తొక్కి వచ్చేవారు. ఇప్పుడు ఆదివారం ఆరింటికల్లా ఒక్కరే బయల్దేరి, డిండి దాటి, ఘాట్ ఎక్కి మన్ననూరు దాకా పోయి వస్తున్నారు. 'మధ్యాహ్నానికల్లా వస్తా' అంటారు, రారు. వచ్చేటప్పుడు సీతాఫలాలో ఏవో తెస్తారు. పోయిన నెల ఒంటిగంట నుంచి ఫోన్ స్విచాఫ్. మూడింటి దాకా చూసి, భయమేసి మా తమ్ముణ్ణి బైక్ మీద పంపాను. డిండి డ్యామ్ దగ్గర చెట్టు కింద కూర్చుని జామకాయ తింటున్నారట. 'నలుగుట్ల నన్ను పిల్లగాణ్ణి చేసినవ్' అని ఇంటికొచ్చి అరిచారు. అప్పటి నుంచి ముక్తసరి మాటలే. 'ఇంట్ల పోరు పడలేకనే పోతున్నడు' అంటోంది మా అత్తమ్మ. నిజంగా నా మీద విసుగుతోనే పోతున్నారా? ఈ సైకిల్ మాన్పించేదెలా? మటన్ వండి ఎదురుచూసే ఆదివారాలతో నాకు విసుగొచ్చింది.

– ఒక సోదరి

జవాబు: ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం. దూరాలు సైకిల్ తొక్కే ఒక మిత్రుడికి మీ సమస్య చెప్పాను. ఆయన పట్టుకున్నది సీతాఫలాల దగ్గరే. 'గుట్టలెక్కేవాళ్లం సంచిలో పావుకిలో తగ్గించడానికి కూడా లెక్కలేసుకుంటామండీ. పండిన సీతాఫలాలు చితికిపోకుండా అంత దూరం మోసుకొచ్చాడంటే, ఆ మనిషి మనసు ఇంటి దగ్గరే ఉంది' అన్నాడు. నాకూ అదే అనిపించింది. పెళ్లాం మీద విసుగుతో పోయేవాడు వట్టి చేతులతో వస్తాడు. మీ అత్తగారు కొడుకు మీద బెంగనే కోడలి మీద నిందగా అన్నారనుకోండి, వదిలేయండి.

మరి ఎందుకు పోతున్నట్టు? మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం ఉంది, వసూళ్ల పని. వారమంతా ఆయన చేతిలో ఉండేది ఫోనే. కట్టనివాళ్లకు చేయాలి, వాళ్లు ఎత్తకపోతే మళ్లీ చేయాలి, ఎత్తితే తిట్లు పడాలి, టార్గెట్ ఏమైందని పైనుంచి వచ్చే ఫోన్లకు జవాబివ్వాలి. ఒకరి గుమ్మం ముందు నిలబడి డబ్బు అడగడం మన ఊళ్లలో అడిగేవాడికి కూడా సిగ్గే. అలాంటి మనిషికి వారానికొక్కసారి ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని రోడ్డు దొరికింది. ఘాట్ మీద ఊపిరి ఎగబీలుస్తూ ఒక్కో మలుపూ ఎక్కేటప్పుడు ఇంకో ఆలోచనకు చోటుండదట. అందుకే ఒంటరిగా పోతున్నారు, అందుకే ఫోన్ ఆపేస్తున్నారు. మీ ధైర్యమంతా ఏ ఫోన్‌లో ఉందో, ఆయనకు తలనొప్పి అదే ఫోన్. మీ ఇద్దరి గొడవ ఇక్కడుంది. సైకిల్ మాన్పించినా ఇది పోదు, మాన్పించమని నేను చెప్పను కూడా.

అలాగని ఆయనదేమీ తప్పు లేదనడం లేదు. 'మధ్యాహ్నానికల్లా వస్తా' అన్న మాట ఉందే, అది శుద్ధ అబద్ధం. లెక్క చూడండి. కల్వకుర్తి నుంచి మన్ననూరు పోయి రావడం సుమారు 120 కిలోమీటర్లు. చదునులో గంటకు 18, 20 తొక్కే మనిషి రంగాపూర్ దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఏడెనిమిదికి పడిపోతాడు. దిగేటప్పుడు వేగం వస్తుంది గానీ, మలుపుల్లో బ్రేకులు పట్టుకునే దిగాలి. అన్నీ కలిపి తొక్కడానికే ఏడు గంటలు. టిఫిను, నీళ్లు, నీడన కాసేపు నడుం వాల్చడం, ఇంకో రెండు గంటలు. ఆరింటికి బయల్దేరితే మూడవుతుంది. తుమ్మముల్లు దిగి ట్యూబు మార్చుకోవాల్సి వస్తే మరో అరగంట. అంటే మీరు ఒంటిగంటకు కంగారు పడ్డప్పుడు ఆయనకు ఆలస్యమే కాలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, మీకు తెలియదు. చెప్పాల్సింది ఆయనే. నిజం చెబితే వద్దంటారని మధ్యాహ్నం అని చెప్పి పోయారు. ఆ మధ్యాహ్నాన్ని నమ్మి మీరు మటన్ పొయ్యి మీద పెట్టారు.

తమ్ముణ్ణి పంపినందుకు మీరు తప్పు చేసినట్టు బాధపడొద్దు. రెండు గంటలు స్విచాఫ్ వస్తే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఊరి మనిషిగా ఆలోచించండి. హైవే పక్కన, జామకాయలు అమ్మేవాళ్ల ముందు, బామ్మర్ది బండి ఆపి 'బావా, అక్క ఏడుస్తుంది, నడువు' అంటే ఆయనకెలా ఉంటుంది? ఆ అరుపు మీ మీద కాదు, ఆ సిగ్గు మీద. మీ తమ్ముడు ఒకసారి వచ్చి, ఆ రోజు విషయం ఎత్తకుండా, 'బావా, ఘాట్ ఎట్లెక్కినవ్?' అని అడిగితే చాలు. గంటసేపు చెబుతారు చూడండి.

ఇక ఫోన్ సంగతి. మీరు చేయొద్దు, ఆయన చేయాలి. పోయేటప్పుడు డిండిలో, పైకి చేరాక మన్ననూరులో, తిరిగి డిండిలో, మూడుసార్లు. మాట్లాడనక్కర్లేదు, 'డిండి' అని ఒక మెసేజ్ చాలు. మధ్యలో స్విచాఫ్ చేసుకుంటారో ఏం చేసుకుంటారో ఆయనిష్టం. అనుకున్న టైముకు గంటన్నర దాటినా మెసేజ్ రాకపోతే మాత్రం తమ్ముడు బయల్దేరతాడని ముందే చెప్పండి. అప్పుడది అవమానం కాదు, ఒప్పందం.

మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఒంటరిగా పోనని మాట తీసుకోండి. అవతల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. లోపల చాలాచోట్ల సిగ్నల్ అందదు. శ్రీశైలం దాకా తొక్కాలని ఆయనకు ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి పుడుతుంది, అప్పుడు తోడుతో పోవాలి. అన్నిటికంటే ముందు డాక్టర్‌ను కలవాలి. ఇందులో నేను రాజీ పడను. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపుతాయి, ఎండలో చెమట కూడా తోడైతే కళ్లు తిరుగుతాయి. కొన్ని గుండె వేగాన్ని పెరగనీయవు. తన మాత్ర ఏ రకమో అడిగి, ఇంత దూరం తొక్కుతున్నానని డాక్టర్‌తో నోటితో చెప్పాలి. ఛాతీ బరువెక్కితే, ఎడమచెయ్యి లాగితే అక్కడే దిగిపోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, గంటకోసారి అరటిపండో పల్లీపట్టీయో. హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. శ్రీశైలం రోడ్డు మీద ఆదివారం కార్లు ఎలా పోతాయో మీకు నేను చెప్పాలా!

మీ చివరి వాక్యం గురించి. భయం గురించి అన్ని మాటలు రాశారు, విసుగు గురించి ఒక్క మాటే రాశారు. నాకు అసలు ఫిర్యాదు అదే అనిపిస్తోంది. ఆయనకు ఒక ఆదివారం ఉంది, మీకు లేదు. ఆయన వసూళ్ల నుంచి బయటపడుతున్నారు, మీరు అదే వంటింట్లో రెట్టింపు పనితో ఉంటున్నారు. ఇది చిన్న విషయం కాదు, 'నీకు ఇల్లు పట్టదు' అని దెప్పితే తేలేదీ కాదు. నెలకు నాలుగు ఆదివారాలు. రెండు ఆయనవి, ఒకటి ఇద్దరిదీ, ఒకటి మీది. మీది అన్న రోజున పొద్దున్నే మీరు బయటికి పోవాలి. పుట్టింటికా, గుడికా, బస్సెక్కి సోమశిల కృష్ణ ఒడ్డుకా, మీ ఇష్టం. ఆ రోజు అత్తమ్మకు అన్నం పెట్టేది ఆయనే.

ఈ మాటలు ఆదివారం సాయంత్రం ఎత్తకండి. ఆయన అలసిపోయి ఉంటారు, మీరు కోపంగా ఉంటారు. బుధవారమో గురువారమో, పిల్లలు పడుకున్నాక, 'ఈసారి ఎప్పుడొస్తావో నిజం చెప్పు, నేనేమీ అనను' అని మొదలుపెట్టండి. నాలుగన్నర అంటే నాలుగన్నరే, ముఖం మాడ్చుకోవద్దు. ఆ రోజు మధ్యాహ్నం మీరు, అత్తమ్మ, పిల్లలు పప్పో చారో తినేయండి. మటన్ రాత్రికి వండొచ్చు.