డీకన్‌గా నిలబడాలా వద్దా అని అడిగిన బ్రదర్‌కు, కర్నూలు నుంచి

వందనాలు బ్రదర్. "మా బాప్టిస్ట్ చర్చిలో నన్ను డీకన్‌గా నిలబడమంటున్నారు, నాకు నలుగురిలో ప్రార్థన చేసేది కూడా సరిగ్గా రాదు, ఉద్యోగం ఉంది, చిన్నపిల్లలు ఉన్నారు, అసలు ఈ పెద్దలు చేసే సేవ భక్తితోనా పేరు కోసమా" అని అడిగినారు కదా. (తెలియనోళ్లకు చెప్తా, డీకన్ అంటే పాస్టరయ్యకు తోడుగా చర్చి పనులు, పేదోళ్ల సాయం చూసేదానికి సంఘం ఎన్నుకునే మనిషి.) నేను కర్నూల్లో రెండు టర్ములు డీకన్‌గా చేసినాను, అందులో మూడేళ్లు ట్రెజరర్‌ని, నాకంటే ముందు మా నాయన పద్దెనిమిదేళ్లు చేసినాడు. అందుకని నేను కండ్లారా చూసింది చెప్తా, రొవంత పెద్దగా ఉంటది, ఏమనుకోవద్దు.

ముందు ఆ ప్రార్థన భయం తీసి పక్కన పెట్టండి. మా నాయన ఆర్టీసీలో కండక్టర్, మైకు చేతికిస్తే రెండు నిమిషాల్లో ఆమెన్ అనేసేవాడు, అంతకు మించి ఆయనకు మాటలు వచ్చేవి కాదు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక లాంగ్ నోట్‌బుక్. అందులో చర్చిలో ఒంటరిగా ఉన్న ముసలమ్మల పేర్లు, ఎవరికి బీపీ మాత్రలు, ఎవరి కొడుకు హైదరాబాద్ పోయి రూపాయి పంపడు, ఎవరి పింఛన్ వేలిముద్ర పడక ఆగిపోయింది, ఇట్ల అన్నీ ఉండేవి. డ్యూటీ దిగినాక టికెట్ల లెక్క, డబ్బుల లెక్క కలిపే అలవాటు కదా, అదే అలవాటుతో రాత్రి ఆ నోట్‌బుక్ ముందర పెట్టుకుని, ఈ వారం ఎవరిండ్లకు పోలేదో టిక్కులు చూసుకునేవాడు. నాకు చిన్నప్పుడు అది చాదస్తం అనిపించేది.

పని ఏం ఉంటది అంటే, నిజం చెప్తే చిల్లర పనులే ఎక్కువ. ఆదివారం తెల్లారి గేటు తాళం తీసేది, ప్రభు బల్ల (యేసు చివరి భోజనం గుర్తుగా అందరూ రొట్టె, రసం తీసుకునేది) ఉన్న ఆదివారం అవి రెడీ చేసుకునేది, జనరేటర్‌కు డీజిల్, బాప్తిస్మం రోజు తొట్టి కడిగి నీళ్లు పట్టేది (మా నాయన కాలంలో తుంగభద్రకే పోయేవాళ్లంట, ఇప్పుడు ఎండాకాలం నదిలో మోకాలి లోతు కూడా ఉండదు, మన బాప్టిస్టులకు చూస్తే బాప్తిస్మంలో మనిషి పూర్తిగా మునగాలి). ఇంకొకటి పిడికెడు బియ్యం, మీ దగ్గర కూడా ఉండే ఉంటది. ఆడోళ్లు ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం స్త్రీల సమాజం వాళ్లు అవన్నీ కలిపి బస్తాలో పోస్తారు, అది లిస్టులో ఉన్న ఇండ్లకు పోతాది. ఒక ఇంటి సోనా బియ్యం, ఇంకో ఇంటి స్టోరు బియ్యం కలిసిపోయి అన్నం వండితే ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు ముద్ద. తీసుకునే ముసలమ్మలు మా ముందరే తిట్టేవాళ్లు, నవ్వుకుంటూ మళ్లీ తీసుకునేవాళ్లు. ఆ డబ్బా సంగతి స్టేజీ మీద ఎవరూ చెప్పరు గాని నా లెక్కలో మా చర్చిలో అన్నిటికంటే పాతది, ఆగకుండా నడిచింది అదే.

చావు పని కూడా డీకన్‌దే. అర్ధరాత్రి ఫోన్ వస్తాది, పోవాల్సిందే. శవపెట్టె మాట్లాడేది, సమాధుల తోటలో గుంత తవ్వే మనిషిని లేపేది, పాస్టరయ్యకు చెప్పేది. 2020లో ఏప్రిల్, మే నెలల్లో మన రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువున్న జిల్లాల్లో కర్నూలు ముందుండింది, గుర్తుంది కదా. అప్పుడు సొంత అన్నదమ్ములే దగ్గరికి రాని రోజులు, మేము నలుగురం ఆ ప్లాస్టిక్ కిట్లు వేసుకుని తాళ్లతో పెట్టె దించినాం, లోపల చెమట కారి కండ్లద్దాలు మసకేసి ఎవరు ఎవరో కూడా తెలీలేదు. నాకు అప్పుడు ధైర్యం ఏమీ లేదు బ్రదర్, మా అమ్మ వద్దని ఏడ్చింది, ఇంటికి వచ్చినాక పద్నాలుగు రోజులు మిద్దె మీద గదిలో పండుకున్నా. పోకపోతే నాయన నోట్‌బుక్ మొహం చూడలేనని పోయినా, అంతే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా, మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి, కర్నూలు మునిగిన రోజు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి ఊరి మీదికి వచ్చినాయి, కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది అంటే ఇంక నీళ్లు దిగేదానికి దారి యాడిది. వన్‌టౌన్ వైపు జనం మిద్దెలు ఎక్కి కూర్చున్నారు. నీళ్లు తీసినాక బురద, వాసన, రేషన్ కార్డు నుంచి పిల్లోళ్ల సర్టిఫికెట్ల దాకా అన్నీ పోయినాయి. బయటి ఊర్ల సంఘాలోళ్లు లారీలో బియ్యం, దుప్పట్లు పంపినారు. మా నాయన అప్పుడు డీకన్, నేను కుర్రోడిని, చదువుకున్నోడినని లిస్టు నాకిచ్చినారు. నేను తెలివిగా చర్చి రిజిస్టర్ ముందర పెట్టుకుని, మెంబర్ల పేర్లకు చీటీలు రాసి లైను పెట్టినా. ఎక్కడా తోపులాట లేదు, నాకు నేనే మెచ్చుకుంటున్నా. ఒక ముసలామె, బురఖాలో, చెప్పులు కూడా లేవు, లైన్లో నిలబడి నా దాకా వచ్చింది. చీటీ ఉందా అమ్మా అంటి. లేదన్నది. అయితే మెంబర్లకు అయిపోయినాక చూద్దాం, పక్కన కూర్చోమంటి.

మా నాయన లారీ దగ్గర మూటలు దించుతున్నోడు ఎట్ల చూసినాడో, వచ్చి రిజిస్టర్ మూసేసినాడు. "నీళ్లేమన్నా రిజిస్టర్ చూసుకుని వచ్చినాయా రా?" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆమె కోసం చూస్తే లేదు, వెళ్లిపోయింది. సందు చివర దాకా ఉరికినా, దొరకలేదు. ఆ పొద్దు మిగిలిన బియ్యం ఎదురొచ్చినోళ్లందరికీ ఇచ్చినాం గాని ఆమె ఎవరో, యాడికి పోయిందో ఇప్పటికీ తెలీదు.

తర్వాత ఆదివారం పాస్టరయ్య బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదివినారు, నన్ను ఉద్దేశించి కాదు లెండి, నాకు మాత్రం తగిలింది. డీకన్ల పని అక్కడి నుంచే మొదలైందని మనోళ్లు చెప్తారు కదా. యెరూషలేములో రోజూ ఆహారం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాండ్రను వదిలేస్తున్నారని సణుగుడు వచ్చింది, దానికి ఏడుగురిని ఏర్పాటు చేసినారు. అంటే వరదలో నేను చేసిన తప్పే అక్కడ కూడా జరిగింది, లిస్టులో ఎవరో మిస్సయినారు. ఇంకో సంగతి గమనించండి, ఆ ఏడుగురి పేర్లు, స్తెఫను, ఫిలిప్పు, మిగతావి కూడా, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు నుంచే మనుషులను తీసుకున్నట్టుంది. మా కమిటీల్లో ఇది ఎప్పుడన్నా చేసినామా అంటే, లేదు.

మీరు అడగలేదు గాని ఇది కూడా వస్తాది, స్కూల్లో నాతో పనిచేసే సారు ఒకాయన టీ తాగుతా మొహం మీదే అడిగినాడు, "మీరు బియ్యం ఇచ్చేది మతం మార్చేదానికే కదప్పా" అని. కోపం వచ్చింది, తర్వాత ఇంటికి పోయి ఆలోచిస్తే అడిగే హక్కు ఆయనకు ఉందనిపించింది. నేను ఆయనకు చెప్పింది ధాత కరువు సంగతి. 1876 నుంచి 78 దాకా, మన సీమలో ముసలోళ్లు కథలుగా చెప్పిన కరువు, కర్నూలు జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. అప్పుడు ఒంగోల్లో క్లౌ దొర అని అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ, జాన్ క్లౌ, 1866 నుంచి అక్కడ ఉన్నాడు. ఊరికే గంజి పోయకుండా బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు, కరువోళ్లకు కూలి దొరకాలని. ఆయన కింద ఉన్న తెలుగు బోధకులే మేస్త్రీల్లాగ కూలీల పక్కన నిలబడి పని చూసినారు. ముఖ్యమైంది ఏందంటే ఆ కరువు సాయం నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఇచ్చేది ఆపినాడు, బియ్యం కోసం వచ్చినోళ్లు ఎవరో నమ్మి వచ్చినోళ్లు ఎవరో కలిసిపోతారని. సాయం చేసేది అయిపోయినాకే మళ్లీ మొదలుపెట్టినాడు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి ఇచ్చినారు. మా వాళ్లు స్టేజీల మీద ఆ 2,222 నంబర్ శానా సార్లు చెప్తారు. దాని ముందర ఏడాదికి పైగా ఆపిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, నాకైతే అదే పెద్దగా కనిపిస్తాది. మా సారు నమ్మినాడో లేదో తెలీదు, టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చినాడు.

ఆ మాట మనసులో పెట్టుకునే మేము పెద్దాసుపత్రి పని మొదలుపెట్టినాం. కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లాలోళ్లే కాదు, గద్వాల, ఆలంపూర్, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా వస్తారు. పేషెంట్‌కు లోపల తిండి పెడతారు, కూడా వచ్చిన మనిషికి ఎవరు పెడతారు? చెట్టు కింద చాప వేసుకుని వారాల తరబడి ఉంటారు. శుక్రవారం శుక్రవారం రాత్రికి సాంబారన్నం, వంద మందికి. మేము పెట్టుకున్న రూల్ రెండే, అక్కడ కరపత్రాలు పంచొద్దు, ఫోటోలు తీయొద్దు. మొదటి దానికి కొందరు పెద్దలు ఒప్పుకోలేదు, సువార్త చెప్పకుండా అన్నం పెడితే ఏం లాభం అన్నారు. రెండోదానికి ఇంకా ఎక్కువ మంది ఒప్పుకోలేదు, అది ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఫోటో లేదని తెలిసినాక చందా ఆపేసినోళ్లు కూడా ఉన్నారు. ఎవరన్నా అడిగితే ప్రార్థన చేస్తాం, లేకుంటే గరిటె పట్టుకుని నిలబడతాం.

అన్నీ సక్కగా జరగవు. నేను పనిచేసే బడి కోడుమూరు అవతల పల్లెలో, ఆ వైపు దసరా దాటితే జనం సుగ్గికి పోతారు, గుంటూరు దిక్కు పత్తి తీసేదానికి, మిరపకాయలు కోసేదానికి. ఉగాది దగ్గరికి వస్తే గాని తిరిగి రారు. ఆ ఊరి చర్చిలో క్రిస్మస్ రోజు చూడాలి మీరు, కొత్తబట్టలు వేసుకున్న ముసలోళ్లు, పిల్లోళ్లు, మధ్య వయసు మనిషి ఒక్కడు ఉండడు. మేము టౌన్ నుంచి ఒక ఏడాది అక్కడ చర్చి హాల్లోనే మిగిలిన పిల్లోళ్లకు సాయంత్రం ట్యూషన్, రాత్రి భోజనం పెట్టినాం, నేనే బాధ్యత తీసుకున్నా. ఫిబ్రవరికే డబ్బులు అయిపోయినాయి. మధ్యలో ఆపేసినాం. పిల్లోళ్లు వారం రోజులు గిన్నెలు తెచ్చుకుని వచ్చిపోయినారంట. లెక్క వేసుకోకుండా మాటిచ్చేది కూడా పాపమే అని నాకు ఆ ఏడాది తెలిసింది. తర్వాత ఏడాది ట్యూషన్ ఒక్కటే పెట్టినాం, అది నడిచింది.

లెక్కలు అంటే గుర్తొచ్చింది, ట్రెజరర్‌గా మొదటి ఏడాది నా లెక్కలో 1,800 తక్కువ వచ్చింది. పరువు పోతాదని నా జేబు నుంచి పెట్టి సరిచేసినా, చెప్తే నాయన మెచ్చుకుంటాడనుకుంటే తిట్టినాడు. "ఈ పొద్దు నీ డబ్బు లోపల పెట్టినోడివి, రేపు లోపలిది నీ జేబులో పెట్టుకున్నా ఇట్లనే ఎవరికీ తెలీదు" అన్నాడు. జనరల్ బాడీలో నిలబడి తక్కువ వచ్చిందని చెప్పినా, చెవులు ఎర్రబడినాయి. నెల తర్వాత తెలిసింది, జనరేటర్ డీజిల్ బిల్లు రాయడం మర్చిపోయినాం. అప్పటి నుంచి నెల నెలా లెక్క నోటీసు బోర్డుకు అంటిస్తున్నాం.

పేరు కోసం చేసేవాళ్లు ఉన్నారా అంటే ఉన్నారు, అబద్ధం ఎందుకు. మనకు బిషప్ లేడు, బాప్టిస్టుల్లో సంఘం ఓటే పై మాట, అది మంచిదే, ఎవరైనా లేచి అడగొచ్చు. కానీ ఓటు ఉన్న చోట గ్రూపులు ఉంటాయి, ఫ్లెక్సీలు ఉంటాయి, చర్చి షాపుల బాడుగల మీద కోర్టు కేసులు ఉంటాయి. ఆరాధనలో పక్కపక్కనే కూర్చుని కోర్టులో ఎదురెదురు నిలబడినోళ్లను చూసినా. మీరు నిలబడితే ఎవరో ఒకరు మిమ్మల్ని మా గ్రూపు అంటారు, తప్పదు. పదవి ఉంటేనే సేవ అని కూడా కాదు, జిమ్మీ కార్టర్ తెలుసు కదా, అమెరికా ప్రెసిడెంట్‌గా చేసినాయన, పదవి పోయినాక సొంతూరు ప్లెయిన్స్‌లో చిన్న బాప్టిస్ట్ చర్చిలో దశాబ్దాల పాటు సండే స్కూల్ చెప్పినాడు, పేదోళ్ల ఇండ్లకు సుత్తి పట్టి మేకులు కొట్టినాడు, 2006లో 82 ఏండ్ల వయసులో మన దేశానికి వచ్చి లోనావాలా దగ్గర కూడా ఇండ్ల పని చేసినాడు. అంత పెద్ద పదవి చూసినోడు డీకన్‌గా కూడా చేసినాడు, మావోళ్లు కొందరు డీకన్ అయినాక కుర్చీ కూడా జరపరు.

కాబట్టి నా సలహా, ఒప్పుకునే ముందు మీ చర్చిలో మూడు అడగండి. ఒంటరి వాళ్ల లిస్టు ఎవరి దగ్గర ఉంది, లెక్కలు ఎప్పుడు చూపిస్తారు, రాత్రి ఫోన్ వస్తే ఎవరు పోతారు. లిస్టే లేదు అంటే భయపడొద్దు, మీరే రాయడం మొదలుపెట్టండి, దానికి ఎలెక్షన్ కూడా అక్కర్లేదు.

ఇంకొకటి, మీ ఇంట్లోవాళ్లను అడిగినారా? నేను అడగలేదు, మొదటి టర్ము మొత్తం మా ఆవిడ మొహం ముడుచుకునే ఉండింది, పిల్లోడి పుట్టినరోజు నాడు కూడా ఎవరిదో పెట్టె మోసేదానికి పోయినా మరి. రెండో టర్ముకు ముందు కూర్చుని అడిగినా. "పో, కానీ శుక్రవారం సాంబారు నువ్వు చెయ్యొద్దు, ఉప్పు తెలీదు నీకు, నేను చేస్తా" అనింది. ఇప్పుడు నా టర్ము అయిపోయి రెండేళ్లయింది, సాంబారు ఇంకా తనదే.

ఇంకేమన్నా అడగాలంటే ఇక్కడే రాయండి, ఆదివారం సాయంత్రం చూసి చెప్తా.